చిల్లపెంకుల గోడ

"మూడో మెట్టు ఊగుతుంది కదండీ," అంటూ ఆ మనిషి దాన్ని దాటేసి నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు.

ఆమె తడిగుడ్డ పట్టుకుని మెట్ల మీద వంగి ఉంది. పదిహేడేళ్ళుగా ఈ లాడ్జిలో దిగిన ప్రతి మనిషికీ ఆ మాట చెప్పింది తనే. మెట్టు బాగు చేయించమని మొగుడికి చెప్పీ చెప్పీ విసిగిపోయి, వచ్చినవాళ్ళకు చెప్పుకోవడం అలవాటు చేసుకుంది. ఈ రోజు నోరు తెరిచేలోపే అవతలి మనిషి ఆ మాట అనేశాడు. అతను ఇంతకు ముందు ఈ గుమ్మం తొక్కలేదు. తొక్కి ఉంటే ఆమెకు తెలిసేది. ఎవరు దుప్పటి మీద టీ ఒలకబోస్తారో, ఎవరు తువ్వాలుతో బూట్లు తుడుస్తారో, దాన్ని బట్టి మనుషుల్ని గుర్తుపెట్టుకుంటుంది ఆమె.

పైకి వెళ్ళినవాడు మలుపులో చీకటికి ఆగలేదు. తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి టక్కున లైటు వేశాడు. అక్కడ స్విచ్చి ఉంటుందని కొత్తవాళ్ళెవరూ అనుకోరు. ఆ పైన "స్నానాల గది మెట్ల వెనకే కదా" అని తనలో తనే అనుకుంటూ సరిగ్గా అటే పోయాడు.

కింద కుర్చీలో కూర్చున్న అత్తగారు ఇదంతా చూసింది. ఆవిడకు మోకాళ్ళు పని చెయ్యవు గాని కళ్ళకు ఏ లోటూ లేదు.

"ఎవడే వాడు?"

"గెస్టు అత్తయ్యా. ఇప్పుడే దిగాడు."

"గెస్టయితే ఇంటల్లుడిలా తిరుగుతున్నాడేం?"

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే మంచిదే," అంది ఆవిడ, అది మంచిది కాదన్నట్టుగా.

మధ్యాహ్నానికి సంగతి కౌంటరు దాకా పాకింది. ఆమె భర్త నాలుగేళ్ళ రిజిస్టర్లు బల్ల మీద పరుచుకుని, వేలికి తడి చేసుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. ఆ పేరు ఎక్కడా లేదు. భోజనం ముగించి, చెయ్యి కడుక్కోబోతూ, "అతను నీకేమైనా తెలుసా?" అన్నాడు. ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అందామనుకున్నాడు గాని గొంతు సహకరించలేదు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారాక, దాచడమెందుకు, కొంచెం బాగానే అనిపించింది. తనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనన్న ఆలోచన ఆయనకు పదిహేడేళ్ళలో మొదటిసారి వచ్చింది. తన కోసం ఒక మనిషి కుళ్ళుకోవడం ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఆ ముచ్చట సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

సాయంత్రం ఆ మనిషి టీ తాగడానికి దిగి, లాప్‌టాప్ తెరిచి భోజనాల బల్ల మీద ఆమె భర్త ముందు పెట్టాడు. "మీకు తెలియదా? మీ ఇల్లు గేమ్‌లో ఉంది సర్. ఆరు నెలలుగా ఆడుతున్నాను. నిజంగా ఇలాంటి ఇల్లు ఒకటి ఉందని మొన్న ఎవరో ఫోటో పెడితే వెతుక్కుంటూ వచ్చాను. లోపలికి అడుగు పెట్టగానే నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి."

ముగ్గురూ తెర మీదకు వంగారు. అదే వీధి, అదే గుమ్మం. గుమ్మం పక్క పెచ్చు ఊడిన చోటు అలాగే ఉంది. ఆటలో కథ ఏమిటంటే, ఒక ప్రయాణికుడు లాడ్జికి వస్తాడు, లోపల ఎవ్వరూ ఉండరు, అందరూ ఎక్కడికి పోయారో గదులన్నీ వెతికి కనుక్కోవాలి. అతను మీటలు నొక్కుతుంటే తెర మీది ఇంట్లోకి నడుస్తున్నట్టే ఉంది. మెట్లు ఎక్కాడు. మూడో మెట్టు కిర్రుమంది. ఆమె భర్త చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

గదుల్లో పక్కలు వేసి ఉన్నాయి. దుప్పటి మూలలు ఆమె మడిచినట్టే లోపలికి మడిచి ఉన్నాయి. కూజాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. గచ్చు మీద నీడలు పడుతున్నాయి.

"ఇంట్లో ఎవరూ లేరన్నారు కదా," అంది ఆమె. "పక్కలు ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యరండీ. అలాగే ఉంటాయి."

"ఊడ్చేది ఎవరు?"

అతను నవ్వాడు. "దుమ్ము పడదండీ అందులో."

ఆయనా నవ్వాడు. "దీని గోలంతా ఊడ్పే," అన్నాడు, ఇంటివాడు అతిథికి సర్దిచెప్పే గొంతుతో. ఆమె నవ్వలేదు. తను లేకుండా తన ఇల్లు అంత శుభ్రంగా నడిచిపోతుంటే చూడ్డం అదే మొదలు. సవతి ఎక్కడో ఉందని విన్నదాని మొహం ఎలా అవుతుందో, ఆమె మొహం అలా అయింది.

అప్పుడు తెర మీద గోడ వచ్చింది.

ఆ గోడ సంగతి చెప్పాలి. పెళ్ళయి వచ్చిన నాలుగో ఏడు వానలకు మెట్ల పక్క గోడ చెమ్మగిల్లి ఉబ్బి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. మేస్త్రీని పిలుస్తానన్నాడు ఆయన. రాలిన సున్నాన్ని ఆమె రోజుకు రెండుసార్లు ఊడ్చింది, ఆయన నెల తర్వాత కూడా పిలుస్తానన్నాడు. అదే నెలలో అత్తగారి నీలం పువ్వుల కప్పు ఆమె చేతిలోంచి జారింది. "చేతులా చేటలా అవి? ముప్పయ్యేళ్ళు మచ్చ పడకుండా దాచుకున్నాను. తెచ్చి నీ చేతిలో పెట్టాను చూడు, నన్ను అనాలి." ఆ ముక్కలు చెత్తలో పారెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. కప్పు పోయింది సరే, పడ్డ తిట్లు కూడా ఊరికే పోవాలా? పక్కింట్లో కాలవ కడుతున్న మేస్త్రీని అడిగి గిన్నెడు సిమెంటు తెచ్చుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పాత గెస్టులు ఖాళీ చేస్తారు, రెండున్నరకు కొత్తవాళ్ళు దిగుతారు, మధ్యలో అత్తగారు కునుకు తీస్తుంది. ఆ గంటన్నరలో దుప్పట్లు మార్చగా మిగిలిన పావుగంట ఆమెది. ఆ పావుగంటలో గోడ దగ్గర కూర్చుని నాలుగు ముక్కలు అంటించింది. తర్వాత గెస్టులు పగలగొట్టిన సాసర్లు, ఆయన కోపంలో విసిరేసిన పళ్ళెం, చెవి ఊడిన కప్పులు, అన్నీ గోడకెక్కాయి. గెస్టు పగలగొట్టినా మాట పడేది ఆమే కాబట్టి అన్నీ ఆమెవే. మెట్లు ఎక్కేవాళ్ళు గోడ పట్టుకుంటారు, వేళ్ళు తెగకూడదు. అందుకని పగిలిన వైపు ఎప్పుడూ లోపలికే పెట్టేది, నున్నటి అంచు బయటికి. ఒక ముక్కను పట్టకారుతో కొరికి, నీళ్ళలో నానబెట్టి, పక్క ముక్కతో సరిపోయేదాకా తిప్పి తిప్పి చూసేది. అలా పదకొండేళ్ళు పట్టింది కింది నుంచి పై మలుపు దాకా రావడానికి.

"గోడకు గజ్జి పట్టినట్టుంది," అన్నాడు ఆయన మొదట్లో. తర్వాత ఏమీ అనలేదు, చూడ్డం మానేశాడు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "పగలగొట్టింది ఎవరైనా దాచుకుంటారు వదినా, నువ్వేమిటి ఇలా తోరణం కట్టావు," అని నవ్వేది. అత్తగారైతే ఏకంగా పేరే పెట్టింది, చిల్లపెంకుల మారాణి అని. "మారాణిగారూ, కాసిని మంచినీళ్ళు దయచేస్తారా," అనేది.

ఇప్పుడు ఆ గోడ తెర మీద మెరుస్తోంది. ఎక్కడి నుంచో ఎండ పడి ప్రతి ముక్కా తళుక్కుమంటోంది. ఆమె గోడ మీద ఎప్పుడూ ఎండ పడదు, అక్కడ కిటికీ లేదు.

"అబ్బ, ఎంత బాగుందో చూడవే," అన్నాడు ఆయన.

"వెనక్కి తిరిగితే అసలుది ఉంది," అంది.

"అది కాదే, దీంట్లో వెలుతురు చూడు."

ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె మాత్రం తెరను చూస్తూనే ఉండిపోయింది. కాసేపటికి కళ్ళకు ఏదో అడ్డుపడింది. నీలం పువ్వు ముక్క, సగం ఆకు ఉన్నది, కింద ఉంది. మెట్టున్నర పైన మళ్ళీ అదే ముక్క. ఇంకా పైన అదే ముక్క, ఈసారి ఎడమది కుడికి తిరిగింది. లెక్కపెట్టింది, తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ ముక్క లోకంలో ఒకటే ఉంది, ఒకే రోజు పగిలింది, దానికి ఒకే తిట్టు పడింది. ఈ గోడ చేసినవాళ్ళు రెండు జానల మేర కోసుకుని, బట్ట మీద అచ్చు వేసినట్టు పైదాకా అద్దుకుంటూ పోయారు.

అది ఎవరి పనో ఆమెకు అప్పుడే అర్థమైంది. ఫోటోల పిల్ల.

ఆ పిల్ల కిందటేడు కాక అంతకు ముందు ఏడు వచ్చి ఆరు రోజులు ఉంది. పిల్ల అంటే ముప్పయ్యేళ్ళకు దగ్గర పడ్డ మనిషే, ఆమె కడుపుమంట కొద్దీ పిల్ల అనుకునేది. ఏదో చదువు కోసమని చెప్పి గదుల్లో, మూలల్లో, మెట్ల మీద వందల ఫోటోలు తీసుకుంది. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. "అటు నుంచి తియ్యమ్మా, అటు బాగా వస్తుంది," అని ఎగబడి చెప్పాడు. నిచ్చెన ఎక్కి బల్బు మార్చమంటే నడుం పట్టేసిందనే మనిషి. ఆ పిల్ల ఆయన్ని సర్ అనేది, ఈమెను ఆంటీ అనేది. ఆయన ఈమె కన్నా ఏడేళ్ళు పెద్ద. ఆ పిల్ల వేళ్ళు సబ్బుకు పగలని వేళ్ళు, ఆ పిల్ల నవ్వు ఎవరికైనా వినబడుతుందేమోనన్న భయం లేని నవ్వు. ఆరు రోజులూ దుప్పట్లు ఉతుకుతుంటే ఆ నవ్వు పెరట్లోకి వినిపించింది. ఆమె దుప్పట్లను బండకేసి కావలసిన దానికన్నా గట్టిగా బాదింది.

ఆ ఆరింట్లో ఒక రోజు ఆ పిల్ల గోడ మీద చెయ్యి వేసి, "ఇది ఎవరు చేశారు సర్?" అని అడిగింది.

"పాతదమ్మా," అన్నాడు ఆయన. "మా పెద్దల నాటిది."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. పాతది అంటే విలువగా ఉంటుంది, మా ఆవిడ మధ్యాహ్నాలు అంటించింది అంటే ఏముంటుంది? ఆమె అప్పుడు దుప్పట్ల మూటతో మెట్లు దిగుతోంది. మూట గడ్డం దాకా ఉంది. నేనే అన్న ఒక్క మాట చాలు. అంటే ఆయన ఆ పిల్ల ముందు చిన్నబోతాడు, చిన్నబోతే వారం రోజులు ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి. అదంతా మెట్టు మెట్టుకూ ఆలోచించుకుని, కిందికి వచ్చేసరికి మాట మింగేసింది. గోడ చెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది, పోగొట్టుకోవడానికి పద్నాలుగు మెట్లు సరిపోయాయి.

ఆ సాయంత్రం తర్వాత ఇంటి వరస మారిపోయింది. ఆట ఆడేవాళ్ళలో మాట పాకి, ఇల్లు చూడ్డానికే మనుషులు దిగడం మొదలైంది. నాలుగు గదులూ వారం ముందే నిండిపోయేవి. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని ఇల్లంతా తిప్పేవాడు. పెద్దల నాటి గోడ మొదటి వారానికి తాతగారి గోడ అయింది, రెండో వారానికి నాన్నగారి గోడ అయింది. "మా నాన్నగారు ఎక్కడెక్కడి నుంచో పింగాణీ ఏరి తెచ్చి స్వయంగా చేశారు," అని చెప్తుంటే, ఆ నాన్నగారి కోడలు పక్కలు మారుస్తూ లోపలి నుంచి వినేది. ఎక్కువమంది దిగితే దుప్పట్లు ఎక్కువ, మెట్ల మీద బురద ఎక్కువ, ఆమెకు నడుంనొప్పి ఎక్కువ. మధ్యాహ్నం మిగిలే ఆ పావుగంట కూడా పోయింది. ఆయనకేమో తీరిక దొరికింది. కౌంటరు మీద కంప్యూటరు పెట్టించుకుని మధ్యాహ్నమంతా ఆ ఖాళీ ఇంట్లో తిరిగేవాడు. గోడ దగ్గర ఆగి, దగ్గరికి పోయి, దూరం జరిగి చూసుకునేవాడు. మొగుడు పరాయి ఆడదాని వంక చూస్తే ఏడవడం ఎలాగో ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. తను చేసినదాన్నే, తన వీపు వెనక, వేరేచోట చూసి మురుస్తుంటే ఎలా ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఎదురుగా బకెట్టు పెట్టి చప్పుడు చేసింది. ఆయన చెవులకు ఏవో తగిలించుకుని ఉన్నాడు.

నెల తిరక్కుండానే ఫోటోల పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి కెమెరా లేదు, చేతిలో ఫైలు ఉంది. అడగకుండా ఒకరి ఇల్లు ఎలా వాడుకున్నారని ఆడేవాళ్ళలోనే కొందరు కంపెనీని నిలదీశారట. లాయరును అడిగితే, ఇంటి ఆకారం వరకు సర్దుకోవచ్చు గాని, లోపల గోడ మీద ఉన్నది ఒక మనిషి చేతి పని, ఆ మనిషి ఒప్పుకోవాలి, లేకపోతే వారసులు ఒప్పుకోవాలి అన్నాడట. "అందుకని నన్ను పంపారు సర్. ముందే అడగాల్సింది. తప్పు మాదే."

"తప్పేముందమ్మా, ముందు కూర్చో," అన్నాడు ఆయన. కుర్చీ తనే జరిపాడు. తర్వాత లోపలికి వెళ్ళి టీ పెట్టాడు.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన స్టవ్వు వెలిగించడం పదిహేడేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఏ మీట ఎటు తిప్పాలో అడగలేదు, పంచదార డబ్బా ఏదో అడగలేదు. అంటే ఇన్నాళ్ళూ అన్నీ తెలుసన్నమాట.

కప్పు పెట్టడానికి వంటింట్లోకి వచ్చిన ఆ పిల్ల, ఆయన వినకుండా, "చాలా మారిపోయింది ఆంటీ ఇల్లు, సందడిగా ఉంది," అంది. ఆమె కప్పు కడిగి బోర్లించింది. ఎదుటి మనిషి మాట్లాడకపోతే తనే మాట్లాడే రకం ఆ పిల్ల. "ఈ ఇల్లంతా ఆటలోకి తెచ్చింది నేనే తెలుసా? ఆరు నెలలు నిద్ర లేదు. చివర్లో పేర్లు వేసినప్పుడు ‘గోడలు, గదులు: బృందం’ అని వేశారు. నా పేరే లేదు. అడిగితే, తర్వాత చూద్దాం అన్నారు."

ఆమెకు జాలి రావలసింది. వచ్చినట్టే వచ్చి, గొంతు దాకా వచ్చి, మళ్ళీ కుళ్ళుగానే మారింది. ఈ పిల్లకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి ఒక ఆఫీసు ఉంది. తర్వాత చూద్దాం అనడానికైనా అక్కడొక మనిషి ఉన్నాడు. తను ఎవరిని అడగాలి?

"గోడ నువ్వు సరిగ్గా చెయ్యలేదు," అంది. "ఒక్క ముక్కే తొమ్మిదిసార్లు వచ్చింది."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "అంత దగ్గరగా ఎవరూ చూడరు ఆంటీ. మా ఆఫీసులో కూడా ఎవరూ పట్టుకోలేదు. మీకు ఎలా తెలిసింది?"

ఈలోగా ముందుగదిలోంచి ఆయన పిలిచాడు. బల్ల మీద కాగితం పరిచి ఉంది, పక్కన కలం పెట్టి ఉంది. కుర్చీలో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని సిద్ధంగా ఉంది. కాగితం ఆయనే చదివి వినిపించాడు, గొంతు సవరించుకుని మరీ. ఈ లాడ్జి మెట్ల గోడను స్వర్గస్థులైన తన తండ్రిగారు స్వహస్తాలతో చేశారని, వారి వారసుడిగా దాన్ని ఆటలో వాడుకోవడానికి తాను సంతోషంగా అనుమతి ఇస్తున్నానని. ఆట చివర ఆయన తండ్రి పేరు, దాని కింద ఆయన పేరు వేస్తారట. ఆయన సంతకం పడిపోయింది. కింద రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి, సాక్షి ఒకటి, సాక్షి రెండు.

"అమ్మా, నువ్వు ఇక్కడ," అని, "నువ్వు ఇక్కడ," అన్నాడు భార్యతో. చూపు ఆమె మీద పెట్టలేదు, గీత మీద పెట్టాడు.

"ఇందులో రాసింది నిజం కాదు కదండీ," అంది ఆమె.

"ఊరికే సాక్షివే. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది, ఆయన పేరు ఉంటే నీకేం పోయింది? మన ఇంటి పేరే కదా, బయటివాళ్ళకా ఇస్తున్నాం?" అని, గొంతు తగ్గించి, "వచ్చిన వాళ్ళందరికీ నాన్నగారే అని చెప్పాను. ఇప్పుడు మాట మారిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కొంచెం చూడు," అన్నాడు. ఆ కొంచెం చూడు అన్న మాటలో మొదటిసారి బతిమాలడం వినిపించింది. పూర్వమైతే ఆ ఒక్క చుక్కకే ఆమె కరిగి సంతకం పెట్టేసేది.

అత్తగారు కలం తీసుకుంది. తీసుకుని ఆగింది.

"ఒరేయ్, మీ నాన్న చేశాడంటే, ఆ కప్పులు కూడా మీ నాన్నే పగలగొట్టాడంటారుగా?"

"అబ్బా, ఎవరూ అనరమ్మా."

"ఎందుకనరు? అన్ని పెంకులు ఎక్కడివని అడగరూ? ఆయన నా సెట్టు మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. నీలం కప్పు పగలగొట్టింది ఇది. పాలగిన్నె మూత పగలగొట్టింది ఇది. వాటిని గోడకు అంటించిందీ ఇదే. మారాణి చేసిన పాడుపనికి పోయిన మహానుభావుణ్ణి ఇరికిస్తారేంట్రా? నేను పెట్టను." కలాన్ని బల్ల మీద ఠప్పున పెట్టింది.

ఆ మాట బయటి మనిషి ముందు ఇంత కాలానికి ఒకళ్ళ నోట వచ్చింది. అదీ ఆవిడ నోట, అదీ తిట్టుగా. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ ఆపుకుంది.

ఫోటోల పిల్ల ఆమె వైపు తిరిగింది. "ఆంటీ, మీరా? మీరు చేశారా? ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదా..." అని మధ్యలో ఆగిపోయింది. తర్వాత గబగబా, "అయితే ఇంకా మంచిది. సర్, ఈ కాగితం మార్చేద్దాం. మీ పేరే వేస్తాం ఆంటీ. ఒక్కరి పేరే, పెద్ద అక్షరాలతో. నేను మాట్లాడి ఒప్పిస్తాను," అంది.

ఆయన కుర్చీలో కొంచెం కుదించుకుపోయి కూర్చున్నాడు. మళ్ళీ తేరుకుని, "సరే, దాని పేరే వెయ్యండి," అన్నాడు. ఇవ్వడం తన చేతిలో పని అన్నట్టు. "ఏమే, సంతోషమేగా?"

సంతోషమేనా అని ఆమె తనను తాను అడిగి చూసుకుంది. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు, పేరు చదువుతారు. ఇన్నాళ్ళ ఆకలికి అది పెద్ద విస్తరే. కాని ఏ గోడ మీద ఆ పేరు? ఒక తిట్టును తొమ్మిదిసార్లు అచ్చు గుద్దిన గోడ మీద. దుమ్ము పడని ఇంట్లో, పక్కలు వాటంతట అవే పరుచుకునే ఇంట్లో, మనిషన్నది లేని ఇంట్లో. ఆ ఇంటికి ఆయన మొగుడు, ఈ పిల్ల తల్లి. ఇద్దరూ కలిసి అందులోకి ఆమెను ఇప్పుడు పిలుస్తున్నారు, వచ్చి గోడకు పేరై ఉండిపొమ్మని.

"నా పేరు వద్దు," అంది.

"హమ్మయ్య," అన్నాడు ఆయన, తొందరపడి.

"నా గోడా వద్దు. తీసేయండి."

ఆ పిల్ల నిర్ఘాంతపోయింది. "తీసేస్తే ఆ మెట్లు బోసిగా ఉంటాయి ఆంటీ. అందరికీ నచ్చిందే ఆ గోడ. దాన్ని చూసే ఇక్కడికి వస్తున్నారు."

"సున్నం వేసుకోండి."

"నీకు మతి పోయిందా?" ఆయన లేచి నిలబడ్డాడు. "నాలుగు గదులూ నిండుతున్నాయి. లోకం అంతా మెచ్చుకుంటుంటే నీకు ఏడుపెందుకు? నీది నువ్వే మెచ్చుకోనివ్వవా? ఇంత కుళ్ళు ఉన్న మనిషివనుకోలేదు."

"ఉంది," అంది ఆమె. "చాలా ఉంది. మీరెప్పుడూ అడగలేదు."

ఇది మంచితనం కాదని ఆమెకు తెలుసు. నలుగురూ చూసి ఆనందించేదాన్ని లాక్కోవడం పెద్ద మనసు కాదని, ఈ పిల్ల ఆరు నెలల నిద్ర కూడా అందులో పోతుందని తెలుసు. పదిహేడేళ్ళు పెద్ద మనసుతో అందరికీ అన్నీ సర్దింది. ఈ ఒక్కటి సర్దబుద్ధి కాలేదు. కుళ్ళు అన్నా సరే, అదైనా పూర్తిగా తనది, ఎవరి వారసత్వంగానూ రాలేదు.

బల్ల దగ్గరకు వచ్చి కలం అందుకుంది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. ఆ పిల్ల కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెట్టింది, రాసుకోవడానికి వీలుగా.

ఆమెకు రాయడం అలవాటు తప్పింది. పాల పద్దు తప్ప చేత్తో ఏదీ రాసి ఏళ్ళయింది. ఆయన సంతకం కింద ఖాళీ ఉన్నచోట, మెల్లగా, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ రెండు వాక్యాలు రాసింది. గీతల పక్కన ‘సాక్షి’ అని అచ్చులో ఉన్న మాటను రెండు చోట్లా కొట్టేసి, తన పేరు పెట్టి, కాగితం ఫైలు మీద పెట్టింది.

ఆయన లాక్కుని చదివాడు. ఒకసారి పెదవులతో, ఒకసారి పైకి.

"ఈ గోడ చేసిన మనిషి చనిపోలేదు. అడిగితే ఒప్పుకోలేదు."